మూలజాగ బాణామతి

బోధన్‌లో చక్కెర కార్ఖానా కడుతున్నారన్న కబురు విని భట్టి గల్లి జనం ఎగిరి గంతేశారు. కార్ఖానాకు చెరుకు బండ్లు పోయే కొత్త సడక్ తమ ఇండ్ల మీదుగానే పోతుందని తెలిశాక, గంతులు మాని నెత్తి మీద చేతులు పెట్టుకున్నారు.

పోయే ఇంటికి బదులు ఊరి చివర, అదే సడక్ పక్కన, తలా ఒక జాగ ఇస్తామని సర్కారు చెప్పింది. ఆ మాటతో తహసీల్దారు కచేరీకి దరఖాస్తులు మొదలయ్యాయి. ఫలానా వాళ్ల పక్కన మాకు వద్దు, వాళ్ల మేకలు మా గోడలు నాకుతాయని ఒకరు రాయించారు. తూర్పు వాకిలి లేకపోతే మా ఇంట్లో పెళ్లిళ్లు కావని ఇంకొకరు. ఒక మహానుభావుడైతే తనకు ఏ జాగ ఇచ్చినా సరే, బావమరిదికి మాత్రం అంతకంటే మంచిది ఇవ్వొద్దని మనవి చేసుకున్నాడు.

తహసీల్దారు కొత్తగా వచ్చినవాడు, ఓపిక తక్కువ మనిషి. ఒకనాటి పొద్దున ఆ కాగితాల కట్టను చంకలో పెట్టుకుని తనే గల్లీకి వచ్చాడు. ఎవరో వాల్చిన మంచం మీద కూర్చుని, కట్టను కింద పడేశాడు.

“మీ గల్లీ, మీ జాగా. ఎవరికి ఎవరంటే మంటో నాకేం తెలుసు? మీరే కూర్చుని తయ్ చేసుకోండి. అందరూ రాజీ అయితే దాని మీద నేను మొహర్ కొడ్తా. ఒక్కరు కాదన్నా, మా కచేరీల నక్షా గీసేటాయన ఎట్ల గీస్తే అట్లనే. పున్నానికి మళ్లా వస్తా.”

ఆయన వెళ్లిపోయాక గల్లీ జనం ఆ కట్ట చుట్టూ చేరారు. ఇంతకాలం సర్కారు లెమ్మంటే లేచారు, కూర్చోమంటే కూర్చున్నారు. మీరేమంటారని వాళ్లను అడిగిన పాపాన ఎవరూ పోలేదు. ఇప్పుడు అడిగేసరికి అందరికీ భయం పట్టుకుంది.

“గిండ్ల ఏదో మతలబ్ ఉన్నది,” అన్నాడు బండి చక్రాలు చేసే అయ్యూబ్, గడ్డం గోక్కుంటూ. “గింత నెత్తిమీదికి ఎక్కించుకున్నరంటే, కిందికి ఎట్ల ఇసిరేస్తరో.”

భయపడనివాడు ఒక్కడే ఉన్నాడు. లక్ష్మీరాజం సేటు.

సేటు అని పేరే గాని, లక్ష్మీరాజానిది గల్లీ కడుపులో ఇరుక్కున్న ఉప్పు, బెల్లం, గ్యాస్‌నూనె దుకాణం. దారి తప్పి వచ్చినవాళ్లు తప్ప అందులోకి కొత్త బేరం రాదు. తండ్రి ఆ చీకట్లోనే కూర్చుని ముసలివాడయ్యాడు, ఆ చీకట్లోనే పోయాడు. అందుకే లక్ష్మీరాజం అందరికంటే ముందు పోయి కొత్త జాగ చూసి వచ్చాడు. సడక్, రాబోయే గల్లి కలిసే మూల మీద నిలబడ్డాడు. చెరుకు బండ్లు ఇక్కడే ఆగాలి, ఎద్దులకు నీళ్లు ఇక్కడే పెట్టాలి, బండివాళ్లు బీడీకి, బెల్లం ముక్కకు ఇక్కడికే రావాలి. ఆ వట్టి జాగలో నిలబడి అతను “ఏం గావాలె తమ్మీ?” అని లేని బండివాణ్ని పలకరించాడు కూడా. జన్మలో ఒక్కసారి వెలుతురుకు ఎదురుగా కూర్చుని అమ్మాలని ఉంది అతనికి. అది దురాశ అని మనం అనలేం. దాని కోసం అతను చేసింది మాత్రం అనకుండా ఉండలేం.

“భయమెందుకు? పెద్దమనిషిగ నేనున్న. గీతలు నేను గీస్త,” అన్నాడు. ఎవరూ కాదనలేదు. గీతలు ఎండలో గీయాలి మరి.

తాడు పట్టి, గూటాలు దిగ్గొట్టి, ముగ్గు పోసి అతను జాగలు పంచాడు. మూలజాగ తన పేరు మీదే పడింది, అది కూడా మిగతావాటికి రెండింతలు వెడల్పుగా. నలుగురు కూర్చుని మాట్లాడుకునేందుకు గల్లీకి ఒక చోటు ఉండాలి కదా, అందుకని తనే ఆ భారం మోస్తున్నానని చెప్పాడు. ఊరి మురికినీళ్లన్నీ పోయే మోరి పక్కన ఒక జాగ మిగిలింది. అది అంజవ్వకు ఇచ్చాడు.

అంజవ్వది పేలాల భట్టి. జొన్నలు, మక్కలు, శనిగెలు ఏవి తెచ్చినా వేడి ఇసుకలో వేయించి ఇస్తుంది. ఆమె అత్త పెట్టిన ఆ భట్టి పేరు మీదే గల్లీకి ఆ పేరు వచ్చింది. వయసులో గల్లీ మొత్తానికి పెద్దది, నోట్లో పళ్లు సగమే ఉన్నాయి గాని నాలుక మాత్రం పూర్తిగా ఉంది.

“పొగ గదా అంజవ్వ. మోరి దిక్కు గాలి మంచిగ కొడ్తది, పొగ పోతది,” అన్నాడు లక్ష్మీరాజం, నోట్లో బెల్లం ఉన్నట్టు.

“పొగ పోతది, పొగ ఎంబడి గిరాకి పోతది, గిరాకి ఎంబడి నేను పోత,” అంది అంజవ్వ. కాని తిట్టలేదు. గీతల చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, నడుము మీద చెయ్యి పెట్టుకుని మెచ్చుకుంది. “మంచిగనే గీసినవ్ బిడ్డ. ఇగ ఎత్తుకునుడే. పెద్దోడు పాళ్లు పెట్టిండు గాబట్టి, చిన్నోళ్లు ముందుగాల ఎత్తుకోవాలె గదా.”

అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అన్నదమ్ములు వేరుపడేటప్పుడు ఆ చుట్టుపక్కల ఇండ్లన్నింటా అదే పద్ధతి. పాళ్లు పెట్టేది పెద్దవాడు, ముందు ఎత్తుకునేది చిన్నవాడు, పాళ్లు పెట్టినవాడికి మిగిలింది.

“ఔ మల్ల!” అన్నాడు అయ్యూబ్, మతలబ్ ఏమిటో ఇప్పుడు తెలిసినట్టు. “మా అబ్బాజాన్ పోయినంక మా పెద్దన్న పాళ్లు పెట్టిండు. నేనే ముందుగాల ఎత్తుకున్న.”

లక్ష్మీరాజం చేతిలోని తాడు చుట్టడం మొదలుపెట్టాడు. తన తండ్రి ఆస్తి పంచుకున్నప్పుడు చిన్నవాడిగా ముందు ఎత్తుకుని, గాలి వచ్చే గది కొట్టేసింది తనే. అన్న ఆ గొడవతోనే ధర్మాబాద్ వెళ్లిపోయి అక్కడే ఉండిపోయాడు. గల్లీలో అది అందరికీ తెలుసు. ఇప్పుడు ఆ పద్ధతి తప్పని అతనే ఎట్లా అంటాడు?

“గదే అందామనుకుంటున్న,” అన్నాడు. “ఇయ్యాల ఊకె అందాజకు గీసిన. రేపు మల్ల గీస్త.”

మర్నాడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా గీసిన గీతలు చెరిపి కొత్తవి గీశాడు. చివరికి తనకు ఏది మిగులుతుందో తెలియదు కాబట్టి జాగలన్నీ జానెడు తేడా లేకుండా వచ్చాయి. మధ్య సందు రెండు బండ్లు పట్టేంత వెడల్పయింది, అక్కడున్న బావికి దారి కూడా వచ్చింది. ఒక్క రోజులో అతనికి అంత ధర్మబుద్ధి ఎక్కడి నుంచి వచ్చిందా అని పెళ్లాం రాధాబాయి ఆశ్చర్యపోయింది.

గీతలు సమానమయ్యాయి గాని మూల మూలే, మోరి మోరే. ముందు ఎత్తుకునేవాడు లింబయ్య, కొత్తగా పెళ్లయిన కుర్రవాడు. వాడు కళ్లు మూసుకుని అయినా మూలజాగ మీదే కాలు పెడతాడు. వాడి తర్వాత వయసు లెక్కన ఒక్కొక్కరు, అందరి చివర అంజవ్వ, ఆమె తర్వాత గీతలు గీసినవాడు. లక్ష్మీరాజానికి తిండి సహించలేదు. జొన్న గటక ముందు పెట్టుకుని దాంట్లో వేలితో మూలలు గీస్తూ కూర్చున్నాడు. అట్లా గీస్తూ గీస్తూ ఉన్నట్టుండి నవ్వాడు.

అందరూ భయపడే జాగ ఎవరూ ఎత్తుకోరు. అదే అతనికి తట్టిన ఉపాయం.

ఇలాంటి పనులు రాత్రిపూట చేస్తారని లోకం అనుకుంటుంది. రాత్రి కుక్కలుంటాయి. లక్ష్మీరాజం అంగడి రోజు మధ్యాహ్నం ఎంచుకున్నాడు. గల్లీ మొత్తం అంగట్లో ఉంది. అంజవ్వ భట్టి వెనుక గోడకు ఆనించి ఒక పగిలిన కుండ కనపడింది. మూతి లేదు, పక్కకు ఒక నెర్రె, దాని మీద సున్నం, బెల్లం కలిపి మెత్తిన తెల్లటి అతుకు. పారేసిన పెంకే కదా అని ఎత్తుకున్నాడు. రాధాబాయి భరిణెలోంచి కుంకుమ, దుకాణంలోంచి నిమ్మకాయ, నాలుగు మేకులు, అయ్యూబ్ మేక తోక వెంట్రుకలు అందులో వేసి, గుడ్డ కట్టి, మూలజాగ గూటం పక్కన పాతిపెట్టాడు. చేతులు దులుపుకుని అంగడికి పోయి నలుగురికీ కనపడేలా వంకాయలు బేరం చేశాడు.

సాయంత్రం రాధాబాయి భరిణె మూత తీసి కేకేసింది. ఆమెది మరాఠీ దిక్కు; కోపం వస్తే ఆ భాషే ముందు వస్తుంది.

“అరే దేవా! కుంకూ కుఠే గేలం? సగం భరిణె ఏమాయె? నువ్వేమన్న బొట్లు పెట్టుకుంటున్నవా?”

“ఎలుకలు,” అన్నాడు లక్ష్మీరాజం.

ఎలుకలు కుంకుమ ఎప్పటినుంచి తింటున్నాయని రాధాబాయి అడగలేదు. మొగుణ్ని కింది నుంచి మీదికి ఒకసారి చూసి ఊరుకుంది. అదే సమయంలో గల్లీ మొదట్లో అంజవ్వ, భట్టి వెనుక తన వస్తువు ఎవడో ఎత్తుకపోయాడని, వాడి చేతులు పడిపోవాలని శాపనార్థాలు పెడుతోంది. ఏ మక్క కంకులో పోయి ఉంటాయనుకుని లక్ష్మీరాజం పోయి ఓదార్చి వచ్చాడు. “పోనీ అంజవ్వ, ఎవ్వడో ఆకలిగొన్నోడు,” అన్నాడు.

మర్నాడు అందరూ జాగలు చూసుకోవడానికి వచ్చినప్పుడు, లక్ష్మీరాజం మూల గూటాన్ని కదిపి చూశాడు.

“ఇది జర కదులుతున్నది అయ్యూబన్నా. లోపలిదాంక తవ్వి గట్టిగ దించరాదు.”

అయ్యూబ్ తవ్వాడు. గుడ్డ బయటపడింది, గుడ్డ విప్పితే కుండ, కుండలో కుంకుమ, మేకులు, వెంట్రుకలు. “యా అల్లా!” అని అయ్యూబ్ గడ్డపార అక్కడే పడేసి మూడు జాగలు దాటి ఆగాడు. లింబయ్య పెళ్లాం మొగుడి చెయ్యి పట్టుకుని వెనక్కి గుంజింది. “బాణామతి! చేతబడి!” అన్న మాట ఒకరి నోట్లోంచి ఒకరి నోట్లోకి పాకింది.

అంజవ్వ జనాన్ని తప్పించుకుని ముందుకు వచ్చింది. వంగి ఆ కుండను చూసింది. చాలాసేపు చూసింది. తల ఎత్తి లక్ష్మీరాజం మొహం వైపు చూసింది. అతను గూటం వైపు చూపు తిప్పుకున్నాడు. అప్పుడు ముసలిది రొమ్ము మీద గుద్దుకుని అందరికంటే పెద్దగా అరిచింది.

“అమ్మో! ఇది అసొంటి ఇసొంటి బాణామతి గాదు! ఈ జాగల పండుకున్నోడు లేవడు! కొత్త పెండ్లాం ఉన్నోడైతే ఇటు దిక్కు సూడనే వద్దు!”

లింబయ్య వెంటనే అటువైపు తిరిగి నిలబడ్డాడు. లక్ష్మీరాజానికి ఆనందంతో కళ్లు చెమర్చాయి. తను అడగకుండానే తన పని ముసలిది చేసి పెడుతోంది. పైగా ఆ కుండను తనే చంకన పెట్టుకుంది. “మొగడు లేడు, పిల్లలు లేరు, నన్నేం జేస్తది? దీన్ని నేను సల్లబరుస్త,” అంటూ ఇంటికి తీసుకుపోయింది. సాక్ష్యం కూడా పోయింది. ఇంత మంచి ముసలిదానికి మోరి జాగ రాసినందుకు అతనికి కాస్త సిగ్గేసింది కూడా. ఎక్కువసేపు కాదు.

పున్నమికి ముందు రోజంతా అతను అద్దం ముందు నిలబడి చెప్పాల్సిన మాటలు చెప్పుకున్నాడు. మూల ఎవరూ ఎత్తుకోరు, చివరికి తనకు మిగులుతుంది. అప్పుడు పరుగెత్తి పోయి నిలబడితే బాగుండదు. “గల్లి కోసం ఆ పీడ నేను మోస్త. నాకేమన్న అయితే నా దుకాణాన్ని సూసుకోండ్రి,” అనాలి. రెండోసారి అనేసరికి తనకే దుఃఖం వచ్చింది. వంటింటి గుమ్మంలో రాధాబాయి నిలబడి వింటోందని అతను చూడలేదు.

తహసీల్దారు వచ్చాడు. లింబయ్య మూల వైపు తల కూడా తిప్పకుండా బావి దగ్గరి జాగలో తన గుర్తుగా రాయి పెట్టాడు. ఒకరి తర్వాత ఒకరు పెట్టారు. అయ్యూబ్ మూలజాగకు రెండు జాగల అవతల ఎత్తుకుని, అయినా తాయెత్తు ఒకసారి తడుముకున్నాడు. చివరికి రెండే మిగిలాయి. మూల, మోరి.

అంజవ్వ రాయి పట్టుకుని మెల్లగా మోరి జాగకు నడిచింది. లక్ష్మీరాజం ఊపిరి వదిలాడు. ఆమె అక్కడ నిలబడి ముక్కు ఎగబీల్చి, తహసీల్దారు వైపు తిరిగింది.

“దొరా, ఒక్కపారి రాయి పెట్టినంక మల్ల ఎవ్వరన్న కిరికిరి పెడ్తె?”

“ఎవరు పెట్టినా వినేది లేదు.”

“గీతలు గీసినోడు పెట్టినా?”

“ఆయనైనా అంతే.”

అంజవ్వ వెనక్కి నడిచింది. జనం దారి ఇచ్చారు. మూలజాగ ముందు ఆగి, కొంగు నడుముకు దోపి, గొంతు పెంచింది.

“నేను గాకుంటె ఇది మన సేటు మీద పడ్తది. పిల్లలు గలోడు, గల్లికి పెద్దదిక్కు. ఆయనకేమన్న అయితే మనమేం గావాలె? గల్లి కోసం ఆ పీడ నేను మోస్త. నాకేమన్న అయితే నా భట్టిని సూసుకోండ్రి.”

రాయి పెట్టేసింది.

లక్ష్మీరాజానికి నోట్లో మాట ఎవరో గుంజుకుపోయినట్టయింది. “వద్దంజవ్వ! నేనుండంగ నువ్వెందుకు?” అని ముందుకు ఉరికాడు. జనం అతణ్ని పట్టుకుని ఆపారు. ఆమె కోసం ప్రాణమిస్తానంటున్నాడని అనుకుని అయ్యూబ్ అతని భుజం మీద తల పెట్టి ఏడ్చాడు. లింబయ్య పెళ్లాం పోయి అంజవ్వ కాళ్లకు మొక్కింది. రాధాబాయి మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని అటు తిరిగింది, భుజాలు కదులుతున్నాయి.

“అందరూ రాజీయేనా?” అడిగాడు తహసీల్దారు.

కాదంటే నక్షా గీసేటాయన వస్తాడు, అందరి జాగలూ పోతాయి, గల్లీ మొత్తం కలిసి తన తోలు తీస్తుంది. అక్కడ బాణామతి లేదని చెబితే, లేదని నీకెట్లా తెలుసని అడుగుతారు. లక్ష్మీరాజం తల అందరికంటే చివర, అందరికంటే మెల్లగా ఊగింది. మొహర్ పడింది.

ఇండ్లు లేచాయి. మోరి కంపుకు లక్ష్మీరాజం ముక్కు పట్టుకుని కచేరీకి పోయాడు. “మీ గల్లీ, మీ మోరీ,” అని తహసీల్దారు చాయ్ తాగించి పంపించాడు. దాంతో లక్ష్మీరాజం గల్లీ వాళ్లను కూర్చోబెట్టి, మోరి ఒక్కరిది కాదు, అందరిది అని గొంతు పోయేలా చెప్పాడు. వానలు పడేలోపల మోరికి రాళ్లు కట్టించి, పైన బండలు పరిపించాడు. అదే అంజవ్వ అక్కడ ఉండి ఉంటే ఆ మోరి ఎన్నేళ్లయినా అట్లాగే పారేది. ఆ సంగతి అతనికే అందరికంటే బాగా తెలుసు. మోరి బాగైంది గాని దుకాణానికి మాత్రం బేరం రాలేదు. పాత చీకటి పోయి కొత్త చీకటి వచ్చిందంతే.

చెరుకు కోతలు మొదలయ్యాయి. బండ్లు మూల మీద బారులు తీరాయి. పీడ ఉన్న జాగలో కూర్చుని రోజురోజుకీ ఒళ్లు చేస్తున్న ముసలిదాన్ని చూడ్డానికే సగం మంది వస్తున్నారు. ఒకనాడు అటుగా పోతున్న లక్ష్మీరాజాన్ని అంజవ్వ కేకేసి పిలిచింది. పొట్లం నిండా వేడి జొన్నపేలాలు పోసి చేతికిచ్చింది.

ఒక గుప్పెడు నోట్లో వేసుకుంటుంటే అతని చూపు భట్టి మీద పడింది. పొయ్యి మీద మూతి లేని కుండ పక్కకు వాల్చి ఉంది. నెర్రె మీద సున్నం, బెల్లం అతుకు. ఎంత తోమినా ఆ నెర్రెలో సన్నగా ఎర్రటి గీత మిగిలింది. పేలాలు అతని గొంతుకు అడ్డం పడ్డాయి.

“ఇది... పారేసిన పెంక గాదా?”

“మంగలం అంటరు బిడ్డ దీన్ని. పగిలినంకనే పనికొస్తది. అతుకు బెట్టి ఆరనీకె ఎండకు పెట్టిన, నువ్వు ఎత్తుకపోతివి.”

లక్ష్మీరాజం చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. “గట్లనైతే నలుగురిల ఎందుకు చెప్పకపోతివి? చెప్తె నా ఇజ్జత్ తీసేస్తుంటివి.”

“తీస్తె నాకేమొచ్చు? మూల మంచిదే అని తెలిస్తె లింబడు ముందుగాల ఎత్తుకుంటుండె. నా వంతు దాక దాన్ని కాపాడింది నీ బాణామతే.” అంజవ్వ మంగలంలో ఇంకో దోసెడు జొన్నలు పోసింది. “ఇగ పీడ మోస్త అన్న మాటలంటవా, నువ్వు అద్దం ముంగట ఇంకా మంచిగ అన్నవంట. రాధాబాయి చెప్పింది.”

అతను తల దించుకుని పేలాలు ఒక్కొక్కటే నోట్లో వేసుకున్నాడు. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు. సడక్ మీద ఎండ తళతళలాడుతోంది. బండివాళ్లు నీళ్లడుగుతున్నారు, బీడీలడుగుతున్నారు, బెల్లం ఎక్కడ దొరుకుతుందని అడుగుతున్నారు. ముసలిది అతని మొహం చూసింది. అతను అటువైపే చూస్తున్నాడు.

“నా అరుగు పొడుగున్నది. నాకు గింత జాగ ఎందుకు? సగం మీద నీ బస్తాలు తెచ్చి పెట్టుకో,” అంది. అతను నమ్మలేనట్టు తల ఎత్తాడు. అంజవ్వ బొగ్గు ముక్క తీసుకుని అరుగు మధ్యలో గీత గీసింది. “పాళ్లు నేను పెట్టిన. ముందుగాల ఎత్తుకునేది నువ్వే.”

లక్ష్మీరాజం కళ్లు తుడుచుకున్నాడు. ఎడమ సగం చూశాడు, కుడి సగం చూశాడు. రెండూ సమానమే. ఒకదానికి నీడ ఉంటే ఇంకోదానికి దారి దగ్గర. అంజవ్వ నవ్వుతూ జొన్నలు వేయిస్తోంది. ఆ నవ్వు అతనికి నచ్చలేదు. దేనిమీదా చెయ్యి వేయకుండా కిందికి దిగి, ఒక కట్టెపుల్ల వెతికి తెచ్చుకుని, అరుగు కింద మన్ను రెండు వైపులా తవ్వి చూడటం మొదలుపెట్టాడు.